నరమామిడి గింజలు

ఈ మధ్య అటవీశాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నేను నల్లమలలో పనిచేసినవాణ్ణని ఎవరో చెప్పారట. పులిని ఎంత దగ్గర నుంచి చూశారు, దుంగల దొంగలు రాళ్లు రువ్వారా అని అడిగారు. పులిని చూశాను, అది నన్ను పట్టించుకోలేదు. రాళ్లూ పడ్డాయి. కానీ నా ఉద్యోగంలో నన్ను నిజంగా పరుగెత్తించింది అవేవీ కావు. ఒక చెట్టు. ఇంకా సరిగా చెప్పాలంటే ఆ చెట్టు కాయలు, శనగగింజంత ఉండేవి. ఆ మాట అంటే పిల్లలు మర్యాదగా తలలూపి, టీ తాగి వెళ్లిపోయారు. వాళ్లకు సరిగా చెప్పలేదేమోనన్న దిగులుతో ఇది రాస్తున్నాను.

ఆ చెట్టు పేరు నరమామిడి. మామిడితో దానికి చుట్టరికమేమీ లేదు. కోనల్లో, వాగుల పక్కన, నేల చెమ్మగా ఉండేచోట పెరుగుతుంది. ఎండాకాలం అడవంతా ఆకు రాల్చి బూడిద రంగుకు తిరిగినప్పుడు కూడా అది నల్లపచ్చగా నిలబడి ఉంటుంది. ఆకు నలిపితే దాల్చినచెక్కకు దగ్గరి వాసన. పట్టను దంచి నీళ్లు పోస్తే చిక్కటి జిగురవుతుంది. ఊళ్లలో విరిగిన ఎముకలకు ఆ పట్టతోనే కట్టు కట్టేవారు. అంతవరకు చెట్టుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఊరికి ఎన్ని ఎముకలు విరుగుతాయి కనుక.

ఇబ్బంది అగరుబత్తితో వచ్చింది. సుగంధపు పొడి పుల్లకు అంటుకోవాలంటే జిగురు కావాలి. ఆ జిగురు ఈ పట్టలో ఉంది. నేను డెబ్బైల నడుమ ఆళ్లగడ్డలో చేరేనాటికి అహోబిలం పైకోనల్లో ఈ చెట్లు బాగానే కనిపించేవి. ఎనభైలు వచ్చేసరికి నేను చూసినవన్నీ అస్థిపంజరాలే. మొదలు నుంచి చెయ్యి అందినంత ఎత్తు వరకు చుట్టూ పట్ట ఒలిచేసేవారు. అలా ఒలిస్తే చెట్టు ఒక ఏడాది నిలబడి చచ్చిపోతుంది. ఒలిచేవాళ్లు దొంగలు కారు. చిల్లర అటవీ సరుకు కింద కంట్రాక్టరుకు హక్కు ఉండేది, కూలీలు ఆయన పంపితే వచ్చేవారు.

అప్పటికి నన్ను నంద్యాల దగ్గరి నర్సరీకి మార్చారు. టేకు, నీలగిరి, సుబాబుల్ మొక్కలు పెంచేవాళ్లం. కొత్తగా వచ్చిన రేంజి ఆఫీసరు కోస్తా మనిషి. ఎవరినైనా "అండీ" అనే పిలిచేవాడు, తిట్టేటప్పుడు కూడా. మొదటి తనిఖీలోనే మడులన్నీ తిరిగి నా ముందు ఆగాడు.

"మీ కొండల్లో చచ్చిపోతున్నది నరమామిడి కదండీ. దాని మొక్క ఒక్కటి లేదేంటి ఇక్కడ?"

"గింజ దొరకదు సార్. కాయ పండగానే పిట్టలు తినేస్తాయి. దొరికినా నిలవ ఉండదు, వెంటనే నాటకపోతే మొలవదు."

"దొరకదంటే వెతకలేదని అర్థమండీ," అని జీపెక్కాడు.

నాకు రోషం వచ్చింది. ఆ రోషంలో ఉత్సాహం కూడా కలిసి ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. సుబాబుల్ మొక్కలు ఎన్నాళ్లని లెక్కపెడతాం.

నాకు ఒక స్నేహితుడుండేవాడు, అహోబిలం బీటులో గార్డు. వెలుగోడు పక్క పల్లెలో సేద్యం చేసే క్రైస్తవుల ఇంటి బిడ్డ. ఎలుగుబంటి ఎదురుపడకూడదని అడవిలో నడిచినంతసేపూ గొంతెత్తి ప్రార్థన గీతాలు పాడేవాడు. ఎలుగుబంటి సంగతేమో గానీ, దాక్కున్న దొంగలు మాత్రం హాయిగా తప్పించుకునేవారని మేం ఎగతాళి చేసేవాళ్లం. అతని భార్య ఆళ్లగడ్డలో టీచరు. నేను అతనికి విషయం చెప్పాను. నెల తిరక్కుండా నంద్యాల బస్సు దిగి, చొక్కా జేబులోంచి ఒక ఆకు తీసి నా అరచేతిలో పెట్టాడు. నలిపి వాసన చూశాను. అదే.

"పట్ట ఉండాదా?" అని అడిగాను.

"నిండుగా ఉండాది. పట్టుచీర కట్టిన పెండ్లికూతురి మాదిరి ఉండాదన్నా. కోన లోపల, రాళ్ల సందులో ఉండేదానికి వాళ్ల కండ్లబడలేదు."

మర్నాడే వెళ్లి చూశాను. నిజంగానే అందమైన చెట్టు. ఎండలు ముదిరేసరికి కొమ్మలనిండా పసుపుపచ్చని గుత్తులు పూసింది. ఆఫీసరు వచ్చి చూసి, "చూశారా, వెతికితే దొరికిందండీ," అన్నాడు. ఆ పూత మీద కందిరీగలు, తేనెటీగలు. మేం ముగ్గురం దాని కింద కూర్చుని, ఎన్ని మొక్కలు పెంచాలో, ఏ కోనలో నాటాలో మాట్లాడుకున్నాం. వానలు పడ్డాయి. పూత రాలింది. కాయ మాత్రం కాయలేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

మొదట గాలివానను తిట్టాం. తరువాత తేనెటీగలను. చివరికి గార్డు, మేం ముందే మొక్కలు లెక్కపెట్టుకోవడం వల్ల దిష్టి తగిలిందన్నాడు. ఒక ఆదివారం అతని ఇంట్లో జొన్నరొట్టె తింటూ ఈ బాధంతా వెళ్లబోసుకుంటుంటే, అతని భార్య రొట్టె తడుతూ అడిగింది.

"మా దొడ్లో బొప్పాయి చూసినావా అన్నా? వాకిలి పక్కది."

"చూశానమ్మా."

"ఏటేటా పూస్తాది, ఒక్క కాయా కాయదు. మగచెట్టది. మీ నరమామిడి ఏందో చూసుకున్యారా ముందు?"

నేనూ గార్డూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆఫీసరు తన పుస్తకాలు తిరగేసి, అవునండీ, దీనిలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు అని కబురు పంపాడు. "నీ పెండ్లికూతురు పెండ్లికొడుకాయె గదప్పా," అన్నాను గార్డుతో. చాలా రోజులు ఆ మాటతోనే అతన్ని ఏడిపించాను. కానీ మనసులో గుబులు పట్టుకుంది. మగచెట్టు ఒకటే మిగిలి, ఆడచెట్లన్నీ ఒలిచేసి ఉంటే, ఆ కొండల్లో ఆ జాతి పని అయిపోయినట్టే. ఆ చెట్టు బతికున్నంతకాలం పూస్తుంది, అంతే.

ఆ మరుసటి ఏడు వీలు దొరికినప్పుడల్లా ఆడచెట్టు కోసం తిరిగాం. పచ్చగా ఏది కనిపించినా పరుగెత్తేవాళ్లం. నేరేడు అయ్యేది, మద్ది అయ్యేది. ఒకసారి గార్డు దూరం నుంచి చూసి కేక పెడితే కాళ్లు కొట్టుకుపోయేలా ఎక్కాను. తీరా చూస్తే మామూలు మామిడి, ఎవరో యాత్రికుడు తిని పారేసిన టెంక మొలిచింది. అక్కడే కూర్చుని ఇద్దరం పడీపడీ నవ్వాం.

వానాకాలం నడుస్తుండగా ఒక పొద్దున పనిమీద అహోబిలం వెళ్లాను. నేనూ గార్డూ దిగువన నిలబడి మాట్లాడుతుంటే, ఎగువ గుడిలో కైంకర్యం చేసే స్వామి ఒకాయన మెట్లు దిగి వచ్చాడు. మా వెతుకులాట ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

"మీ చెట్టు సంగతేమో గానీ, తెల్లవారి కత్తులు, గోనెసంచులు పట్టుకొని పదిమంది వాగు వెంబడి పైకి పోయినారు నాయనా. పట్ట ఒలిచేవాళ్ల మాదిరే ఉన్నారు," అన్నాడాయన.

గార్డు నా వైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి బయలుదేరాం. వాగులో మోకాటి లోతు నీళ్లు, జారుడు రాళ్లు. అతను ఆ రోజు పాట పాడలేదు. పాడేందుకు ఊపిరి లేదు. పట్ట ఒలిచేవాళ్లు పైకి వెళ్లారంటే, అక్కడ ఒలవడానికి ఒక చెట్టు ఉందన్న మాట. మేం ఏడాదిగా వెతికి కనుక్కోలేనిదాన్ని వాళ్లు కనుక్కున్నారన్న మాట. ఆ ఆశ ఒకవైపు, అందుకునేలోపు ఏమవుతుందోనన్న భయం ఒకవైపు.

కోన మలుపు తిరగగానే ముందు వాసన తగిలింది. పచ్చి పట్ట వాసన, తియ్యగా, గాలినిండా. తరువాత కత్తి చప్పుడు. తరువాత చెట్టు.

దాని నిండా పచ్చపావురాలు. మమ్మల్ని చూసి ఒక్కసారిగా లేచిపోయాయి. అవి లేవగానే కొమ్మల మధ్య నల్లగా, నిగనిగలాడుతూ కాయలు. గార్డు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది.

చెట్టు మొదలు ఒకవైపు అప్పుడే ఒలిచేశారు. తెల్లటి చెక్క బయటపడి తడిగా మెరుస్తోంది. "ఆపండి" అని అరిచాను. కత్తులు ఆగాయి. ఒక పెద్దామె ముందుకు వచ్చింది. వాళ్ల ముఠాకు ఆమే పెద్దని చూస్తేనే తెలుస్తుంది.

"ఏందప్పా, ఎందుకాపాల? కంట్రాక్టరు అనుమతి ఉండాది మాకు. మీ ఆఫీసోళ్లే ఇచ్చినారు."

ఆమె చెప్పింది నిజమే. ఆ కోన ఆ ఏడు కంట్రాక్టరుదే. ఆపే హక్కు నాకు లేదు. ఆఫీసరు కర్నూలు మీటింగులో ఉన్నాడు. ఆయన ఉన్నా పైనుంచి ఉత్తరువు తెచ్చేలోపు చెట్టు మిగలదు. అందుకని హోదా పక్కనపెట్టి ఉన్న విషయం చెప్పాను. ఇది ఆడచెట్టని, ఏడాదిగా దీనికోసం తిరుగుతున్నామని, కాయలు కావాలని.

ఆమె తల పైకెత్తి చూసింది. "కాయలే గదా. దానికేముండాది. చెట్టు కొట్టేస్తాం, అన్నీ కింద పడ్తాయి. ఏరుకోండి. మాకూ పైపట్ట అందుతాది."

సులువైన దారి. కాయలన్నీ అరగంటలో చేతికొస్తాయి. నేను తటపటాయించాను. గార్డు మాత్రం అప్పటికే చెప్పులు విడుస్తున్నాడు.

"కొట్టొద్దవ్వా. నేనెక్కి తెంపుతా. మీరు కాసేపు కూచోండి."

"వాన పడిన చెట్టప్పా. జారుతాది."

"మా నాయనకు చింతచెట్లుండ్య. పుట్టినప్పట్నుంచి ఎక్కుతాండా."

ఒలవని వైపు నుంచి ఎక్కాడు. కింద ఆడవాళ్లు ఒక గోనెపట్టా నాలుగు మూలలా పట్టుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. అతను నల్లగా పండిన గుత్తులే చూసి తెంపి వేస్తున్నాడు. "ఆ పక్కన ఉండాయి చూడు", "పైన, పైన" అని వాళ్లే దారి చూపించడం మొదలుపెట్టారు. ఒలవడానికి వచ్చినవాళ్లు పండుగకు వచ్చినట్టు అయిపోయారు. నేను పట్టాలోని కాయలను పక్కన సంచిలోకి ఎత్తుతూ నవ్వుకుంటున్నాను. నీలిరంగు రసం వేళ్లనిండా.

దిగేటప్పుడు జరిగింది. చివరి కొమ్మ దగ్గర కాలు అటు పెట్టబోయి ఇటు, ఒలిచిన వైపు పెట్టాడు. ఆ జిగురు చెక్క మీద కాలు నిలవలేదు. నిలువెత్తు నుంచి రాళ్ల మీద పడ్డాడు. చప్పుడు నాకు వినిపించింది. మోకాలి కింద ఎముక అది.

నేను దగ్గరికి వెళ్లేసరికి మొహం పాలిపోయి ఉంది. కళ్లు తెరిచి, "కాయలు చితికినాయా అన్నా?" అన్నాడు.

పెద్దామె నన్ను పక్కకు తోసింది. తన మనుషులకు ఏదో చెప్పింది. అప్పుడే ఒలిచిన పట్టలోంచి లేతది ఎంచి ఇద్దరు బండమీద దంచుతున్నారు. ఇంకొకడు వెదురు చీలుస్తున్నాడు. ఆమె గార్డు కాలు రెండు చేతులా పట్టుకుంది.

"నీకొచ్చిన పాట ఏదన్నా పాడప్పా. నొప్పి తెల్దు."

అతను పాడాడు. పళ్లు బిగపట్టి, శ్రుతి లేకుండా, తన దేవుణ్ణి పిలుస్తూ పాడాడు. ఒకచోట పాట కేకగా మారింది. అప్పటికి ఎముక సర్దేసింది. జిగురుగా నూరిన పట్ట మెత్తి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలతో కట్టేసింది. చేతులు వాగులో కడుక్కొని వచ్చి, చెట్టు వైపు చూస్తూ కాసేపు నిలబడింది. ఆ తరువాత కత్తులు సంచుల్లో పెట్టెయ్యమని తన వాళ్లకు చెప్పింది.

"ఇంగ దీనికి కత్తి పెట్టం. మనిషిని పడేసి, మళ్లా ఆ మనిషికే కట్టయిన చెట్టు. దీని పట్ట అంగడికి పోగూడదు."

"మరి మీ పని?" అన్నాను. వాళ్లంతా కొలిమిగుండ్ల వైపు నుంచి, వానలు మొహం చాటేస్తే సేద్యం వదిలి వచ్చినవాళ్లని అంతకుముందే మాటల్లో తెలిసింది.

"ఇంగో చెట్టు యాడుండాది సామీ. మూడు కోనలు తిరిగితే ఇదొక్కటే కనపడె. వెదురు కొట్టుకుంటాం పో." అంత మాట అంటూనే వంగి, వాగు మట్టి తీసి, చెట్టుకు ఒలిచిన మేర మెత్తడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ కలిశారు.

గార్డును వెదురు, గోనెపట్టాలతో కట్టిన డోలీలో దించాం. భుజాలు మార్చుకుంటూ వాళ్లే మోశారు. వాన మొదలైంది. వాగు నడుముల దాకా వచ్చింది. ఒకచోట డోలీని తలలకెత్తుకుని దాటారు. అతను మాత్రం కాయల సంచిని రొమ్ముకు హత్తుకుని, తడవకుండా తన చొక్కా దాని మీద కప్పి పడుకున్నాడు. దిగువ అహోబిలంలో వెదురు లారీ దొరికింది. ఆళ్లగడ్డలో బడి ముందు ఆపి అతని భార్యను ఎక్కించుకున్నాం. ఆమె ఏడవలేదు. కట్టు చూసింది, మొగుడి మొహం చూసింది, సంచి చూసింది.

"ముందు నర్సరీకి పోనీ," అన్నాడు గార్డు డ్రైవరుతో. "ఆలస్యమైతే గింజలు చెడిపోతాయి."

"ముందు ఆసుపత్రికి పోనీ అన్నా," అంది ఆమె. "గింజలకు నొప్పి లేదు."

నంద్యాల చేరేదాకా వాళ్లిద్దరూ దాని మీదే వాదించుకున్నారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర అతన్ని దించగానే సంచి నా చేతిలో పెట్టి, "పరిగెత్తన్నా," అన్నాడు. నేను నిజంగానే పరుగెత్తాను. నంద్యాల బజారులో ఖాకీ బట్టలతో, నీలిరంగు చేతులతో, వానలో పరుగెత్తుతున్న నన్ను చూసి జనం ఎక్కడో అగ్గి అంటుకుందనుకుని ఉంటారు.

మర్నాడు ఆఫీసరు వచ్చి, ప్యాంటు మడిచి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం గుజ్జు కడిగి గింజలు వేరు చేశాం. నీడలో ఇసుకమడి వేసి నాటాం. ఆ తరువాత ఎదురుచూపు. పదిరోజులు, ఇరవై రోజులు. మడి మీద పాచి తప్ప ఏమీ రాలేదు. కొన్ని తవ్వి చూద్దామని నేను, వద్దండీ అని ఆయన. ఒక పొద్దున నీళ్లు పోసే ఆమె పిలిచి, "ఏందో లేచినట్టుండాది చూడు సార్," అంది. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఇసుకను పగలగొట్టుకుని ఎర్రటి కొక్కెంలాంటి మొలక. దాని పక్కన ఇంకొకటి. మధ్యాహ్నానికి మడి చివర కూడా కనిపించాయి.

కాస్త ఆకు వేశాక ఒక మొక్కను కుండీలో పెట్టి, ఆళ్లగడ్డ బస్సెక్కి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. గార్డు పిండికట్టు కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. కుండీ అందుకుని, చిన్న ఆకు కొసను గోటితో గిల్లి, వాసన చూసి, భార్యకు చూపించాడు. ఆ తరువాత ఆమె మాకు ముగ్గురికీ కాఫీ పెట్టింది.

మరుసటి వానలకు ఆ మొక్కలను కోనల్లో నాటాం. నాటే పనికి పెద్దామె తన మనుషులతోనే వచ్చింది. మట్టి మెత్తిన తల్లిచెట్టు ఒకవైపు పట్టతోనే బతికింది. నాటినవాటిలో చాలా పోయాయి. కొన్నిటిని మేకలు తిన్నాయి, ఒక కోనను అగ్గి తినేసింది. ఆఫీసరుకు బదిలీ అయింది, పోతూ నా చేతులు రెండూ పట్టుకున్నాడు. నన్నూ వేరే చోటికి వేశారు. ఎనభైల చివర్లో మళ్లీ ఆళ్లగడ్డకు వచ్చాను. గార్డు అక్కడే ఉన్నాడు, కాలు కొంచెం ఎగరేస్తూ నడుస్తూ. మేం నాటినవాటిలో మిగిలినవి అప్పటికి కాపుకు వచ్చాయని చెప్పి, చూపిస్తానని నన్ను పైకి తీసుకెళ్లాడు.

అవి చూసి సంతోషించి, వేరే దారిన, ఇంతకుముందెప్పుడూ పనిచేయని ఒక వంక వెంబడి దిగుతున్నాం. మొహం కడుక్కుందామని అతను నీళ్ల దగ్గర వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. రాతి నెర్రెలో మూరెడు మొక్క ఒకటి నిలబడి ఉంది. ఒక ఆకు నలిపి వాసన చూసి, వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"దీన్ని మనం నాటిన్యామా అన్నా?"

"లేదు. ఈ వంకకు మనం రానేలేదు."

"మల్ల ఎవరు నాటినట్టు?"

ఇద్దరం నీళ్లలో నిలబడే చుట్టూ చూశాం. వంక దిగువన ఇంకొకటి, ఒడ్డు మీద పొదలో ఇంకొకటి. గింజలు మోసుకుని పిట్టలు మా కంటే చాలా దూరం వెళ్లాయి.

"ఇంటికి పోయి చెప్పల్ల దీన్ని," అన్నాడతను. భార్యకు చెప్పాలని. ఆ రోజు కొండ దిగేటప్పుడు అతని కుంటినడకను అందుకోవడం నా వల్ల కాలేదు.